కుర్చీలు మడిచే పద్రినో

ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండడం ప్రకృతి సహజమని కొందరు అపోహపడుతుంటారు. మా అత్లిస్కో పట్టణంలో అది మా కార్యాలయం అనుమతితో మాత్రమే జరుగుతుంది.

మా యజమానురాలు లిసెన్సియాదా ఒబ్దులియా గారు. (లిసెన్సియాదా అంటే పట్టభద్రురాలు. ఏ పట్టా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.) ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల వేడుకలన్నీ ఆవిడే నడిపిస్తున్నారు. తన పెళ్లి కూడా తనే నడిపించుకున్నారు. పెళ్లికొడుకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని జాబితాలోంచి కొట్టేశారు.

ఇక్కడ పదిహేనో పుట్టినరోజు బరువంతా కన్నవాళ్లే మోయరు. అయినవాళ్లు తలా ఒకటి పంచుకుంటారు. కేకు తెచ్చినాయన కేకు పద్రినో, చిన్నతనానికి వీడ్కోలుగా ఆఖరి బొమ్మ ఇచ్చినావిడ బొమ్మ మద్రినా. మంచి అలవాటే. మంచి అలవాటు కంటబడితే లిసెన్సియాదా గారు ఊరుకోరు, దానికి నియమావళి రాస్తారు. ఇప్పుడు ఐసుకొక పద్రినో, గాలొస్తే బెలూన్లు పట్టుకోవడానికొక పద్రినో, ఏడ్చే అత్తలకు రుమాళ్లు అందించడానికొక మద్రినా ఉన్నారు. ఏడో నియమం ప్రకారం, పని లేనివాళ్లు వేదిక ఎక్కరాదు.

మార్కెట్ పక్కన చెప్పులు కుట్టే దోన్ ఎలాదియో ఒకరోజు కాగితం పొట్లం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయన కూతురు ఇత్సెల్ వేడుక మాదే. ఆ రోజు పిల్ల చదును చెప్పులు విప్పించి, అందరి ముందూ మొదటిసారి ఎత్తు మడమల జోడు తొడుగుతారు.

“మూడు నెలలు కూర్చుని కుట్టానండీ. నా చేత్తో నా బిడ్డ కాలికి తొడగాలి. అంతే, ఇంకేం అడగను.”

“చెప్పుల పద్రినో నోటరీ దోన్ క్రిస్పిన్ గారు. జనవరిలోనే ఖాయమైంది.”

“నేను తండ్రినండీ!”

లిసెన్సియాదా గారు జాబితా పైనుంచి కిందదాకా వేలు పెట్టి వెతికారు. “తండ్రి అనే పని ఇందులో లేదే! కుర్చీలు మడవడం ఒక్కటే ఖాళీ.”

“వేదికెక్కొచ్చా మరి?”

“పక్కన నిలబడొచ్చు. కుర్చీల దగ్గర.”

ఆయన సంతకం పెట్టాడు. తొంభై మూడో పేరుగా నేనే రాసుకున్నాను. రాస్తుంటే సిగ్గేసింది, అయినా దస్తూరి బాగానే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం అంతా సవ్యంగానే సాగింది. పళ్లెంలో అన్నం ముందా, మోలె కూర ముందా అని వాటి పద్రినోలిద్దరూ కాసేపు చొక్కాలు పట్టుకున్నారంతే. తర్వాత నోటరీ గారు ఇత్సెల్ ముందు మోకరిల్లి జోడు అందుకున్నారు. పాదం దూరలేదు.

“ఇంకాస్త నొక్కు తల్లీ.”

“నా వేళ్లు ఊడొచ్చేలా ఉన్నాయి, దోన్ క్రిస్పిన్!”

“నూనె రాయండర్రా!” అని వెనకనుంచి ఒక అత్త అరిచింది. (నూనెకు పద్రినో ఉన్నారు. ఆయన అధికారం వంటింటి వరకే.)

దస్త్రం తెప్పించి చూశాం. కొలతల మద్రినా పద్నాలుగు నెలల కింద కొలిచి ముద్ర వేసిన కాగితం అది. ఆవిడను నిలదీస్తే, “నా కొలత సరైందే. పాదమే మారింది,” అన్నారు.

ఇత్సెల్ వేదిక పక్కకు చూసింది. “నాన్నా, ఆ పొట్లంలో ఏంటి?”

ఎలాదియో చేతిలో కుర్చీలు దభేలున కిందపడ్డాయి. ఏడో నియమాన్ని తొక్కుకుంటూ వేదికెక్కాడు. కూతురి ముందు కూర్చుని పొట్లం విప్పాడు. జోడు అతికినట్టు సరిపోయింది.

“నీకెలా తెలిసింది నాన్నా?”

“నీ పాత జోడు ముందువైపు చిరిగింది కదే. ఎదుగుతున్నావని అర అంగుళం వదిలి కుట్టా.”

రుమాళ్లు అయిపోవచ్చాయి. నాకూ ఏడుపొచ్చింది. లిసెన్సియాదా గారు కూడా ఒకటి తీసుకుని, తీసుకున్నట్టు పుస్తకంలో సంతకం పెట్టారు.

అంత కదిలిపోయారు కాబట్టే సోమవారం ఉదయం కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై మా ప్రతి వేడుకలోనూ ‘తండ్రి తొడిగే చెప్పులు’ అనే ఘట్టం తప్పనిసరి. దానికి పద్రినోగా నోటరీ దోన్ క్రిస్పిన్ గారు ఖాయమయ్యారు.