మొహమాటం మీద నడిచిన కారు

ఆ శనివారం ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త వెళ్ళి కారు కడిగించుకు రావాలి. భార్య ఆ లోపు చొక్కా ఇస్త్రీ చేసుకుని, మధ్యాహ్నం డ్రైవింగు పరీక్షకు సిద్ధంగా ఉండాలి. ఇందులో పొరపాటుకు చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. భర్తను బాగా ఎరిగినవాళ్ళయితే కాస్త అనుమానించేవాళ్ళేమో గాని, ఆ దేశంలో ఆయన్ని ఎరిగింది భార్య ఒక్కతే.

ఆయన అట్టపెట్టెల కంపెనీలో అకౌంటెంటు. కాగితం మీద అంకెలతో ఎంత పోట్లాటకైనా దిగుతాడు గాని, ఎదురుగా మనిషి నిలబడితే చాలు, మొహమాటం ముంచేస్తుంది. అర్థం కాలేదని చెప్పడం కన్నా తల ఊపడం తేలికని చిన్నప్పుడే కనిపెట్టాడు. ఆ ఊపు అవుననీ కాదు, కాదనీ కాదు. 'విన్నాను, ఇంక నన్ను వదిలెయ్యండి' అని మాత్రమే. సొంత ఊళ్ళో అందరూ అలాగే ఊపుతారు కాబట్టి రోజులు గడిచిపోయాయి. ఇక్కడ ఎవరికి కావలసిన జవాబు వాళ్ళు అందులోంచి తీసుకుపోతున్నారు.

భార్య నర్సు. వార్డులకు వార్డులు ఒంటిచేత్తో నడిపిన మనిషి, ఇక్కడికి వచ్చాక ఏడాదిగా మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతోంది. ఇన్నాళ్ళకు ఒక ఉద్యోగం దొరికింది. ఇంటింటికీ కారులో వెళ్ళి, మంచం పట్టినవాళ్ళకు కట్లు కట్టాలి, ఇంజెక్షన్లు చెయ్యాలి. సోమవారం లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఆవిడది, లేకపోతే వరసలో వెనక నిలబడ్డ ఇంకొకరిది. పరీక్షకు కారు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆవిడ ఇప్పటికే ఒకసారి తప్పింది. గేరు మార్చిన చోటల్లా కారు ఆగిపోయింది మరి. తప్పు కారుదని ఆవిడ అంటే, కారుకు లైసెన్సు ఇవ్వడం తన పని కాదని పరీక్షాధికారి అన్నాడు.

ఆ కారు కూడా మొహమాటం మీద వచ్చిందే. ఎదురింటి ముసలాయన ఇల్లు ఖాళీ చేస్తూ "మీకు కావాలా?" అని అడిగితే అకౌంటెంటు తల ఊపాడు. అగ్గిపెట్టె ఆకారం, మాసిపోయిన ఆవపిండి రంగు. స్టార్టు చేస్తే ముందు దగ్గి, తర్వాత మూలిగి, ఆపైన బయల్దేరుతుంది.

"గంటలో వచ్చెయ్యండి. దార్లో ఎవరితోనూ మాట్లాడొద్దు," అంది భార్య.

ఆయన నిజంగానే ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు వీధులు దాటేసరికి ఆయన ముందు బుజ్జి ఆకుపచ్చ కారు, వెనక పైకప్పు లేని పొడవాటి ఎర్ర కారు చేరాయి. ఎర్ర కారులోని పెద్దావిడ చెయ్యి ఊపింది. ఈయనా ఊపాడు. ముందు కారు పక్కకు తిరిగింది. వెనకావిడ నవ్వుతూ అటే వెళ్ళమని సైగ చేసింది. చెయ్యి ఊపుకున్నాక ఇంకో దారిన పోతే బాగుండదని ఈయనా తిరిగాడు. మూతపడిన ఫ్యాక్టరీ వెనక పెద్ద ఆవరణ. పసుపు జాకెట్టు తొడుక్కున్న ఒకతను ఈయన్ని రెండు కార్ల మధ్య నిలబెట్టాడు. చుట్టూ జనం మెత్తటి గుడ్డలతో కార్లు తుడుస్తున్నారు. కార్లు కడిగే చోటు ఇదేనన్నమాట, ఎవరి కారు వాళ్ళే కడుక్కోవాలి కాబోలు అనుకుని, జేబురుమాలు తీసి అద్దం తుడవబోయాడు.

"తుడవకండి," అంటూ గుబురు మీసాల మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. మెకానిక్కని ఒంటి మీది నూనె మరకలే చెబుతున్నాయి. అతని వెనకే పెద్దావిడ, ఆవిడ వెనక పదిమంది. అందరూ గుడ్లప్పగించి కారును చూస్తున్నారు. రంగు మొదటిదేనా అని ఒకరడిగారు. రోజూ దీని మీదే ఆఫీసుకు వెళ్తారా అని ఇంకొకరు. ఇంజను ఎప్పుడైనా విప్పారా అని మరొకరు. అకౌంటెంటు అందరికీ కలిపి ఒకే ఊపు ఊపాడు. ఒక్కసారి స్టార్టు చెయ్యమని పెద్దావిడ బతిమాలింది. కారు దగ్గింది, మూలిగింది. జనం కచేరీలో కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని విన్నారు. ఈ దేశంలో కారు కడిగే ముందు దాని దగ్గు ఎందుకు వింటారో ఆయనకు అంతుపట్టలేదు.

అప్పుడు మీసాల మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి వేలు చూపించి, చాలా మర్యాదగా ఏదో అడిగాడు. అంత మర్యాదగా అడిగిన మనిషికి అడ్డు చెప్పడం ఎలాగో అకౌంటెంటుకు తెలియదు. తల ఊపాడు. కాసేపటికి ఇంజనులో సగం నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంది.

ఫోను మోగింది.

"ఇంకా కాలేదా?" అంది భార్య.

"కడుగుతున్నారు."

"ఇంతసేపా?"

ఆయన దుప్పటి వైపు చూశాడు. "లోపల్నుంచి కడుగుతున్నారు."

గేటు మీద ఏం రాసుందో చదవమంది భార్య. ఆయన గేటు దాకా నడిచి, మొదటిసారి తలెత్తి చూశాడు. పాత కార్ల ప్రేమికుల సంఘం, వార్షిక సమ్మేళనం. చదివి వినిపించేసరికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. తిరిగి వెళ్ళి, ఆపమని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. మెకానిక్ ముఖంలో సంతోషం చూసి రెండుసార్లూ మూసుకున్నాడు.

కాసేపటికి ఆ గేటు దగ్గరే భార్య టాక్సీ దిగింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు. దుప్పటిని చూసింది, భర్తను చూసింది. ఆయన్ని ఏమీ అనలేదు. దానికే ఆయనకు భయం వేసింది. ఆవిడ నేరుగా పెద్దావిడ దగ్గరకు వెళ్ళి, "ఇంకాసేపట్లో ఈ కారు మీద నాకు పరీక్ష. తప్పితే నా ఉద్యోగం పోతుంది. ఏడాది నుంచి దీనికోసమే ఎదురుచూస్తున్నాను," అంది. అకౌంటెంటుకు అప్పుడు నిజంగా సిగ్గేసింది.

సంఘం వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. మెకానిక్ ఆదరాబాదరాగా అన్నీ బిగించాడు. కారు దగ్గనైనా దగ్గలేదు. పెద్దావిడ, తను సంఘానికి అధ్యక్షురాలిననీ పూచీ తనదనీ చెప్పి, నర్సును ఎర్ర కారులో కూర్చోబెట్టుకుంది. పాపం చుట్టుకుంటుందని భయపడ్డట్టు మిగిలినవాళ్ళంతా తమ తమ కార్లలో వెంటపడ్డారు. బుజ్జి ఆకుపచ్చ కారులో అకౌంటెంటు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. పెళ్ళి ఊరేగింపు కాబోలని దారిలో జనం చేతులు ఊపారు.

పరీక్షాధికారి గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎర్ర కారుకు సీటు బెల్టుల్లేవు, పనికిరాదన్నాడు. ఆకుపచ్చ దానికి పక్క అద్దాల్లేవు. తర్వాతిదానికి బ్రేకు వెయ్యాలంటే ఇంకో మనిషి కావాలి. వరసంతా చూసుకుంటూ చివరిదాకా నడిచి, "ఇంత మందిలో మామూలు కారు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరా?" అన్నాడు.

అందరూ నేల చూపులు చూశారు. మీసాల మెకానిక్ ఇంకా ఎక్కువసేపు చూశాడు. కాసేపటికి, "నాకుంది," అన్నాడు నూతిలోంచి మాట్లాడినట్టు. అందరూ అతని వైపు తిరిగారు. అతను ఇన్నేళ్ళూ ఇంట్లో అద్భుతమైన పాత కారు ఉందని చెప్పుకున్నాడు. అది ఏనాడో కదలడం మానేసింది. రోజూ తిరిగేది గేర్లు లేని ఆటోమేటిక్ తెల్ల కారులో. ఎవరి కంటా పడకుండా దాన్ని పక్క వీధిలో పెట్టి సమ్మేళనానికి నడిచి వస్తాడు. ఈ ఊరేగింపుకు కూడా ఎవరూ చూడకుండా ఆ కారులోనే వచ్చి, మలుపు అవతల నిలిపాడు. ఆ మాట బయటపెట్టడానికి ఆ మనిషి ఎంత నలిగిపోయాడో అకౌంటెంటుకు ఒక్కడికే అర్థమైంది. దగ్గరకెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు.

తెల్ల కారులో వెనక చంటిపిల్ల సీటు, నేలంతా బిస్కెట్ల పొడి. నర్సు దాన్ని ముట్టుకోగానే చప్పుడు లేకుండా కదిలింది. మార్చడానికి గేరే లేదు కాబట్టి ఆగిపోవడానికి చోటూ లేదు. ఊరంతా తిరిగొచ్చాక పరీక్షాధికారి, గేర్లు లేని కార్లకు మాత్రమే సుమా అంటూ, పాసయ్యారని చెప్పాడు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళ కార్లన్నీ గేర్లు లేనివే. నర్సు పేవ్‌మెంటు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత భర్తను పిలిచి, ఉదయం నుంచి దాచిపెట్టిన తిట్లన్నీ తిట్టింది. ఆయన ప్రాణం కుదుటపడింది.

అంతా చల్లబడ్డాక ఆయన ధైర్యం చేసి పెద్దావిడను అడిగాడు. "మా కారు అంత గొప్పదా?"

పెద్దావిడ ఇబ్బందిగా మెకానిక్ వైపు చూసింది. "ఎలా చెప్పాలి... ఇంతకన్నా చెత్త కారు ఎవరూ తయారు చెయ్యలేదండీ. దీని దెబ్బకే ఆ కంపెనీ మూతపడింది. కొన్నవాళ్ళంతా ఏడాదిలోపే వదిలించుకున్నారు. మీరు రోజూ దీని మీదే ఆఫీసుకు వెళ్తారంటే మాకు నమ్మకం కలగలేదు."

సోమవారం నుంచి నర్సు కారులో వెళ్తోంది, అకౌంటెంటు బస్సులో వెళ్తున్నాడు. శనివారాలు మాత్రం ఫ్యాక్టరీ వెనక ఆవరణలో, ఆ దుప్పటి పక్కన, మెకానిక్‌తో కలిసి కూర్చుంటున్నాడు. కారు ఎలా నడుస్తోందో తెలుసుకుందామని విప్పినవాళ్ళు, ఇప్పుడు ఎందుకు నడవడం లేదో తెలుసుకుంటున్నారు.