ఈశాన్యానికి ఎక్కిన గీత

2003 వేసవిలో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో భూగర్భ జలం ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది మీటర్లు పైకి వచ్చింది. వాన పడలేదు. కాలవ తవ్వలేదు. ఆ పని కుటుంబరావుగారు కుర్చీలోంచి లేవకుండా చేశారు.

ఆయన భూగర్భ జల ప్రగతి పర్యవేక్షణ ఉపకేంద్రంలో టైపిస్టు. టైపు మిషను తీసుకుపోయి కంప్యూటరు ఇచ్చాక, యాభై రెండో ఏట ఆ విద్య కూడా నేర్చుకున్నారు. రోజూ మానిటరుకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాకే మీట నొక్కేవారు. ఆయన వేసే గ్రాఫు అందంగా లేకపోయినా నిజంగా ఉండేది. నిలువు అక్షం మీద సున్నాను పైన పెట్టారు, అది నేల. కిందికి పోయేకొద్దీ అయిదు, పది, పదిహేను, ఇరవై మీటర్లు. పక్కన 'నేల నుంచి నీటికి లోతు' అని పేరు. వెనక సన్నని అడ్డగీతలు. వాటిలో పదిహేనో మీటరు గీతను మాత్రం ఎర్రగా దిద్దారు. నీరు దాని కిందికి దిగితే ట్యాంకరు పంపాలని ఉత్తర్వు. జనవరిలో పదకొండు దగ్గర మొదలైన నీలి గీత మార్చిలో ఎర్రదాన్ని దాటి, మే నాటికి ఇరవైకి దిగింది.

ఆ గ్రాఫు కోసం ఆఫీసులో ఎదురుచూసిన మనిషి ఒక్కతే, ఊడ్చే లూర్దమ్మ. వాళ్ల పేటలో బోరు ఎండి నెలయింది. ఇంట్లో కూతురు పదిరోజుల బాలింత. లూర్దమ్మ రెండు కిలోమీటర్ల నుంచి బిందెలు మోస్తోంది.

"ఎర్రగీత దాటిందాండీ?"

"దాటిందమ్మా. సోమవారం మీటింగులో చూపిస్తే ట్యాంకరు వచ్చినట్టే."

"మీ గీత సల్లగుండ!"

శనివారం ఉపకేంద్రం అధికారి వరప్రసాదరావుగారు గ్రాఫు చూశారు. ఆయన నిష్ఠాపరులు. ప్రజల మేలు కోరి ఆఫీసు గుమ్మాన్ని ఇప్పటికి మూడుసార్లు మార్పించారు.

"ఏంటయ్యా ఇది? నీళ్లు తీసుకెళ్లి ఆగ్నేయంలో పెట్టావ్?"

"నేను పెట్టలేదండి. అవే పోయాయి."

"కాగితానికి పైన ఉత్తరం, కుడిపక్క తూర్పు. కింద కుడిమూల అగ్నిదేవుడిది. నీరెక్కడ ఉండాలి?"

"ఈశాన్యంలోనండి," అన్నారు కుటుంబరావుగారు. శాస్త్రం కాదనడానికి నోరు రాలేదు.

కంప్యూటరులో అక్షం సరిదిద్దే చోట 'విలువలు తిరగేయి' అన్నదాని పక్కన టిక్కు ఉంది. ఆయన దాన్ని తీసేశారు. సున్నా కిందికి వచ్చింది, ఇరవై పైకి పోయింది, గీత ఈశాన్యానికి ఎక్కింది. అంకెల్లో ఒక్కటీ మారలేదు కనుక అబద్ధం ఆడినట్టు కాదని ఆయన మనసుకు చెప్పుకున్నారు.

"'లోతు' అన్న మాట అశుభంగా ఉంది. తీసెయ్. ఈ అడ్డగీతలేంటి, కిటికీ ఊచల్లా? పై అధికారికి జైలు గుర్తొస్తే బాగుంటుందా?"

"ఎర్రది ఒక్కటీ ఉంచుదామండి. ట్యాంకరు..."

"నీరు ఈశాన్యానికి ఎక్కాక ట్యాంకరు దేనికయ్యా?"

సోమవారం పై అధికారి గ్రాఫు చూసి చలించిపోయారు. "ఇంతటి ఎండలో, ఈ మెట్టప్రాంతంలో, సిబ్బంది అంకితభావం వల్ల జలం ఊర్ధ్వముఖంగా పయనించింది! ఇక్కడికి ట్యాంకరు పంపడమంటే ఆ ప్రగతిని అవమానించడమే!" చప్పట్లు మోగాయి. బోర్లు ఎండి వీరులపాడు నుంచి వచ్చిన రైతులు కూడా కొట్టారు. కీసర ఏట్లో నింపుకుని పరిటాల వైపు బయల్దేరిన ట్యాంకరును ఇటు రప్పించి, పై అధికారి కారు కడిగించి పంపేశారు.

గ్రాఫును రంగుల్లో అచ్చువేయించి ప్రతి పంచాయతీ గోడకూ అంటించారు. ఆ తరవాత జరిగింది మీకు వింతగా అనిపించదు. నీళ్లు లేవని ఎవరూ గొడవ చేయలేదు. ఊళ్లన్నిటా నీరెక్కి, తన బావిలోనే లేదంటే లోపం తన ఇంటిదేనని ప్రతి గృహస్థూ నమ్మాడు. పక్కింటివాళ్లకు తెలియకుండా తలుపేసుకుని వంటింటి గోడ పగలగొట్టాడు. మెట్లు తిప్పించాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జగ్గయ్యపేటలోనే సిమెంటుకు కరువొచ్చింది. అది కలపడానికి నీళ్లు మాత్రం కొనుక్కున్నారు.

లూర్దమ్మ చీపురు పక్కన పెట్టి వరప్రసాదరావుగారినే అడిగింది. "మేం వాస్తు చూడం గదండీ. మరి మా బోరెందుకు ఎండింది?"

"అందుకే," అన్నారాయన.

ఆ జవాబు కుటుంబరావుగారి చెవిన కూడా పడింది. శనివారం ఆంజనేయస్వామి గుళ్లో, పదిమందీ కూర్చున్న చోట చెప్పేశారు. "ఆ గీత నీళ్లది కాదండి, లోతుది. అది పైకి పోయేకొద్దీ నీళ్లు కిందికి పోయినట్టు. నేనే గీశా."

కిరాణా కొట్టు బసవయ్య నవ్వాడు. "మీరు గీయడమేంటండీ, కంప్యూటరు గీస్తే! అదట్టా ఉంచి, మీ బావిలో నీళ్లున్నాయా?"

"లేవు."

"అదీ సంగతి. లోపం ఇంట్లో పెట్టుకుని గవర్నమెంటు మీద పడితే ఎట్టాగండీ?"

మిగతావాళ్లు జాలిగా చూశారు. ఎవరో ప్రసాదం కాస్త ఎక్కువ పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య రాఘవమ్మ, ఒక మాట కూడా అడక్కుండా, వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. సిద్ధాంతి బావి చుట్టూ తిరిగి, నిట్టూర్చి, కొలతల టేపు తీశాడు. రెండో కొస ఎవరైనా పట్టుకోండన్నాడు. సందులో పోతున్న లూర్దమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఒక్క నిమిషం నిలబడింది.

కుటుంబరావుగారు ఆమె వైపు చూడకుండా వెళ్లి, టేపు కొస పట్టుకుని బిగించి లాగారు.