వాగు దాటించిన బండి

మా లాంగ్ హేసెల్ పారిష్ చరిత్ర సంఘం పదకొండు వారాల పాటు ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయిందని, అయినా పురోగతి సంతృప్తికరమని, కార్యదర్శి హోదాలో సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆ మాట 1743 నాటి పేదల పద్దు పుస్తకంలో ఉంది. దిక్కులేనివాళ్ళకు పారిష్, అంటే చర్చి కిందికి వచ్చే ఊరు, ఇచ్చిన ప్రతిదీ అందులో రాసేవారు: బూట్లు, బొగ్గు, శవపేటిక. చిక్కల్లా ఈ ఒక్క పంక్తితోనే. "విధవరాలు గార్లండ్‌కు హర్డెన్ ఒకటి. ఆమెను వాగు దాటించిన బండికి కిరాయి."

హర్డెన్ అంటే ఏమిటి? మా సంఘంలో నిఘంటువు చూసే ఆచారం లేదు. చూస్తే చర్చ తొందరగా ముగిసిపోతుందని అధ్యక్షులు మేజర్ విల్‌బ్రహామ్ గారి అభిప్రాయం. అంచేత ప్రతి గురువారం చర్చి పక్క గదిలో మేం ఆరుగురం టీ తాగి, సోంపు కేకు తిని, చేతులెత్తి ఓటు వేస్తాం. ఎక్కువ చేతులు దేనికి లేస్తే అదే అర్థం. నిరుడు ఒక మాటకు మేకపిల్ల అని ఇలాగే తేల్చాం. అది ఊరి వైద్యుడి పేరని తరువాత తెలిసింది గానీ, తీర్మానం తీర్మానమే.

పన్నెండో గురువారం నాలుగు చేతులు లేచి, హర్డెన్ అంటే తేనె పోసి కాల్చిన కేకు అని తేలింది. మేజర్ గారు లేచి నిలబడ్డారు.

"మిత్రులారా, ఒక పేదరాలికి కేకు పెట్టి, కాళ్ళు నొప్పి పుట్టకుండా బండెక్కించి, వాగు అవతల చుట్టాలింటికి పంపారు మన పెద్దలు. దయ అనేది మన ఊరి నీళ్ళలోనే ఉంది. దీనికి ఒక పాలరాతి పలక వేయించాల్సిందే."

అప్పుడు గది మూల నేల తుడుస్తున్న లోర్నా పాబ్‌జాయ్ తలెత్తింది. పందొమ్మిదేళ్ళుగా ఆ నేల ఆమే తుడుస్తోంది. ఆమె ఉంటున్న అద్దె ఇల్లు యజమాని అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. చర్చి వెనక బీదల కోసం ఎవరో పుణ్యాత్ముడు కట్టించిన చిన్న ఇళ్ళలో ఒకటి ఖాళీగా ఉంటే, దానికి అర్జీ పెట్టుకుంది. ఆ ఇళ్ళకు ధర్మకర్తలం కూడా మేమే. ఊళ్ళో మీటింగులకు వచ్చేది మేం ఆరుగురమే మరి.

"కేకు కాదండీ అది," అంది లోర్నా. "మా అమ్మమ్మ అనేది ఆ మాట. గోనెలాంటి ముతక గుడ్డ. ఒంటికి తగిలితే దద్దుర్లే. పుట్టిన ఊరు వాగు అవతల అయ్యుంటుంది. ఇక్కడుంటే వీళ్ళు సాకాలిగా? ఒక గౌను తొడిగి, బండెక్కించి తోలేశారు."

సంఘం చరిత్రలో మొదటిసారి నిఘంటువు తెరిచాం. లోర్నా చెప్పిందే నిజం. మేజర్ గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత రాతి గుండెలు! వాగు అవతల పుట్టడం కూడా ఒక నేరమేనా?"

పలక మీద పొగడ్తకు బదులు క్షమాపణ చెక్కించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. లోర్నాకు ధన్యవాదాలతో పాటు ఒక కేకు ముక్క కూడా ఇచ్చాం.

ఎజెండాలో రెండో అంశం లోర్నా అర్జీ. నిబంధన ప్రకారం ఆమెను కాసేపు బయట ఉండమన్నాం. బకెట్టు తీసుకుని వెళ్ళింది. అర్జీలో జన్మస్థలం అన్న చోట కోల్డ్ మార్డన్ అని రాసి ఉంది. అది వాగు అవతలి ఊరు.

"లోర్నా అంటే నాకు ఎంతో గౌరవం," అన్నారు మేజర్ గారు. "కానీ దాత వీలునామాలో 'ఈ పారిష్ పేదలు' అని ఉంది. మనం భావోద్వేగాలకు లోనుకాకూడదు."

ఆరు చేతులు లేచాయి. ఆరోది నాది. ఖాళీ ఇంటిని విధవరాలు గార్లండ్ స్మారక మందిరం చేయాలని, అందులో ముతక గౌను నమూనా ఒకటి వేలాడదీయాలని కూడా అప్పుడే తీర్మానించాం. ఉత్తరం నేనే రాశాను.

మర్నాడు లోర్నా ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"హర్డెన్ అంటే తెలిసింది గానీ సెక్రటరీ గారూ, ఇది మాత్రం తెలియట్లేదు. 'స్థానిక అనుబంధ ప్రాధాన్యతా ప్రమాణాల వెలుగులో పరిశీలించబడినది.' ఇంతకీ ఇల్లు ఇస్తున్నట్టా, లేనట్టా?"

"లేనట్టే."

"ఆ ముక్కకి ఇంత కాగితమా? ఆ పాత పద్దు రాసిన గుమాస్తాయే నయం. ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆవిడకి బండన్నా ఇచ్చారు."

నాకు సిగ్గేసింది; దాచను. శనివారం నా కారులో ఆమెను, మూడు అట్టపెట్టెలను, ఒక కుర్చీని వాగు దాటించాను. దిగేటప్పుడు చర్చి పక్క గది తాళంచెవి నా చేతిలో పెట్టి, తుడిచే గుడ్డలు బీరువా కింద అరలో ఉన్నాయంది.

పెట్రోలు ఖర్చు సంఘం పద్దులో రాశాను: "సామాజిక అనుసంధాన కార్యక్రమం." మూడు వందల ఏళ్ళ తర్వాత దానికి అర్థం తేలకపోతే, అప్పటివాళ్ళు టీ తాగి చేతులెత్తితే సరిపోతుంది. కేకు అనే తేలుతుంది.