పగలగొట్టకూడని క్యూబులు

ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాల్లో పరిశోధన కలిపేశారు చూశారూ, ఈ దేశానికి అంతకు మించిన మేలు మరొకటి జరగలేదు! అప్పుడే నవ్వకండి. సత్తెనపల్లి దాటాక పత్తి చేల మధ్య ఉన్న ఒక కాలేజీ సంగతి విన్నాక నవ్వుదురుగాని.

అక్కడ సివిల్ హెడ్డు త్రినాథ్ గారు. ఒకప్పుడు సుద్దముక్క పట్టుకుంటే బెల్లు కొట్టినా వినిపించుకోని మనిషి. పాపం, అది వెనకబడిన కాలం! ఇప్పుడు జర్నళ్లలో పరిశోధన పేపర్లు పడితేనే ప్రమోషన్. అందుకని ఆయన క్లాసులో హాజరు వేసుకుని, "మెటీరియల్స్ మీద రీసెర్చ్ చెయ్యండమ్మా, చదువంటే అదే" అనేసి కంప్యూటర్ ముందుకు వెళ్లిపోతున్నారు. ఎంత హాయి! పిల్లలకు పాఠం బెడద లేదు, ఆయనకు పిల్లల బెడద లేదు.

ఫైనలియర్ సిద్దికా వంతుకు మిరప కట్టె బూడిద వచ్చింది. సిమెంటు కొంత తగ్గించి ఆ బూడిద కలిపితే కాంక్రీటు గట్టిపడుతుందా అన్నది ప్రశ్న. ప్రశ్నేమిటి, నా మొహం! గట్టిపడుతుందని త్రినాథ్ గారి పేపరు ముందే అచ్చయిపోయింది. ఇక పరీక్షకని కాంక్రీటు దిమ్మలు, అవే క్యూబులు, పోయడమే తరువాయి.

సిద్దికా పొగకు దగ్గుకుంటూ కట్టె కాల్చింది, క్యూబులు పోసింది, నీళ్లలో నానబెట్టింది. మెషీన్‌లో పెట్టి నలగ్గొడితేగాని వాటి బలం తెలియదు. ఆ మెషీనేమో ఆయుధ పూజనాటి కుంకుమ బొట్టుతో ప్లాస్టిక్ కవరు కింద నిద్రపోతోంది.

"సార్, క్యూబులు టెస్ట్ చేస్తానండి" అంది.

"పగలగొడతావా! సోమవారం కాలేజీ తనిఖీకి కమిటీ వస్తుంటే! వాళ్లకేం చూపిస్తాం తల్లీ?"

న్యాయమే కదండీ! క్యూబులకు ఆకుపచ్చ రంగు వేయించి, కాలేజీ పేరు రాయించి, సారె స్వీట్లు పేర్చినట్టు బల్ల మీద పేర్చారు. అంతటితో ఆగారా? క్యాంటీన్ ముందు వసారా స్లాబు కూడా ఆ కాంక్రీటుతోనే, వాళ్ల ఎదుటే పోయిస్తామని కమిటీకి రాసేశారు.

సిద్దికా లెక్క వేసుకుంది. ఆ స్లాబు కింద నిలబడి టీ తాగేది తనూ, తన స్నేహితులూ. నిలుస్తుందో కూలుతుందో ఎవరికీ తెలియదు.

శనివారం అందరూ భోజనాలకు వెళ్లాక కవరు లాగేసి, ఒక క్యూబును మెషీన్‌లో పెట్టింది. ఒత్తిడి చూపే ముల్లు కాస్త లేచిందో లేదో, ఆకుపచ్చ పెళ్లలు పటపటా రాలాయి. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే.

చప్పుడుకు త్రినాథ్ గారు పరుగెత్తుకొచ్చారు. "ఎంత పని చేశావమ్మా! పేపరు పరువంతా తీశావు. ఎవరు నేర్పారు నీకీ పాడు అలవాటు?"

"మీరేనండి" అంది సిద్దికా. "పగలగొట్టి చూడనిదాని కింద మనిషిని నిలబెట్టకూడదని సెకండియర్‌లో మీరే చెప్పారు సార్. అప్పట్లో మీరు పాఠాలు చెప్పేవారు."

త్రినాథ్ గారు వంగి ఒక పెళ్ల తీసి వేళ్లతో నలిపి చూశారు. తర్వాత మేస్త్రీకి ఫోన్ చేసి స్లాబు ఆపెయ్యమన్నారు.

చూశారా ఘోరం! ఎప్పుడో నోరు జారి చెప్పిన ఒక్క పాఠం, అచ్చయిన పరిశోధనను నిలువునా ముంచింది. అందుకే మొత్తుకుంటున్నాను, కాలేజీల్లో పాఠమన్నది మచ్చుకైనా మిగలనివ్వకండి. మిగిల్చారో, ఇలాగే పిల్లలు బతికిపోతారు!