రెండువందల పన్నెండో ఫొటో

ఆ ఇంట్లో ఒక ఫొటో పోయిందన్న సంగతి పోగొట్టినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. బావగారికి మిగిలిన ధైర్యమల్లా అదొక్కటే.

బావగారి పూర్తి పేరు వస్తున్నా బావ. పెట్టింది మరదలు. భోజనానికి పిలిచినా, ఫోను మోగుతోందని చెప్పినా, పాలు పొంగుతున్నాయని అరిచినా ఆయన గదిలోంచి "వస్తున్నా" అన్న మాటే వస్తుంది గాని మనిషి రారు. పాలు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా గట్టు దాకా వచ్చేస్తాయి.

ఆయన పని వెబ్ పేజీలు కట్టడం. కిటికీ పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఆ స్కానరు మూత మీద ఎప్పుడూ ఒక టీ గ్లాసు. అదీ ఆయన ఆఫీసు. అందులోనూ ఆయనకు మంచి పేరున్నది ఒక్క విద్యలో: పేజీలో బొమ్మలు ఎప్పుడు రావాలో తేల్చడం.

"పేజీ తెరవగానే ఉన్న బొమ్మలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయనుకో, గుమ్మంలోనే ఇరుక్కుంటాయి. పేజీ కదలదు," అని ఆయన భార్యకు చెప్పారు ఒకరోజు. "అందుకని, చూసేవాళ్లు కిందికి జరుపుకుంటూ ఒక బొమ్మ దగ్గరికి వచ్చాకే ఆ బొమ్మ కదలాలి. అంతదాకా దాని చోట బూడిదరంగు గడి ఉంటుంది. దానికి ఒక్క మాట రాస్తే చాలు."

"అంటే ఎవరైనా వచ్చి నెత్తిమీద నిలబడితే తప్ప లేవదన్నమాట."

"అంతే!"

"ఇది మీరు కనిపెట్టిందా?"

"ఛ, లోకమంతా వాడేదే."

"అవునా? మీ జీవితచరిత్ర అనుకున్నాను," అని ఆవిడ జవాబుపత్రాలు దిద్దుకోవడానికి వెళ్లిపోయింది. ఆవిడ బళ్లో లెక్కల టీచరు. ఇంట్లోనూ తప్పులకు మార్కులు వెయ్యదు.

అత్తగారికి డెబ్భై అయిదో పుట్టినరోజు వస్తోంది. ఆవిడ పై అంతస్తులో చిన్నకూతురి దగ్గర ఉంటారు. ఇంటిల్లిపాది పాత ఫొటోలన్నీ ఒక పేజీలో పెట్టి, ఆ రోజు హాల్లో టీవీ మీద చూపించాలని లెక్కల టీచరు తీర్మానించింది. బావగారు "వస్తున్నా" అనే అలవాటులో "చేస్తున్నా" అనేశారు.

అత్తగారు ఒక రేకు పెట్టె నిండా ఫొటోలు దింపారు. రెండువందల పదకొండు. తర్వాత చేతిసంచీలోంచి ఒక కవరు తీసి, రెండు చేతులతో పట్టుకుని, "ఇది మాత్రం మీ చేతికే ఇస్తున్నాను అల్లుడుగారూ," అన్నారు.

మామగారు రైల్లో గార్డుగా చేసి, ఆరేళ్ల క్రితం పోయారు. మిగిలిన ఫొటోలన్నిటిలో ఆయన, కెమెరా ఏదో టిక్కెట్టు లేకుండా ఎక్కినట్టు దానికేసి ఉరిమి చూస్తూ ఉంటారు. ఈ ఒక్కదాంట్లోనే నవ్వు. ఒక చేతిలో పచ్చజెండా, రెండో చేతిలో టిఫిన్ క్యారియరు. ఇంట్లో మర్చిపోయిన క్యారియరు పట్టుకుని ఆవిడ ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తుకొచ్చి, కదలబోతున్న బండిలో ఆయన చేతికి అందించిన క్షణం అది. తోటి ఉద్యోగి ఎవరో తీశాడు. ఇంకో ప్రతి లేదు.

ఆ ఫొటో పోయింది.

భద్రంగా పెట్టానని బావగారికి బాగా గుర్తు. ఎక్కడ అన్నదే, మరీ భద్రంగా ఉండిపోయింది. సొరుగులు బోర్లించారు. నిఘంటువు పేజీలు ఒక్కొక్కటీ తిప్పారు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టారు. స్కానరు పక్కన చూశారు, వెనక చూశారు, చివరికి దాని మూత మీద టీ గ్లాసు పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించారు.

"బియ్యంలో ఏం వెతుకుతున్నారండీ?" అంది భార్య.

"రాళ్లున్నాయేమోనని."

"పెళ్లైన పందొమ్మిదేళ్లకి అనుమానం వచ్చిందా?"

నిజం చెప్పేద్దామని రెండుసార్లు పై అంతస్తు మెట్లెక్కారు. మొదటిసారి అత్తగారు, "ఆ ఫొటో పెద్దగా కనబడుతుందా బాబూ? ఆయన పన్ను ఒకటి కాస్త విరిగి ఉండేది, అది కూడా కనబడుతుందా?" అని అడిగారు. రెండోసారి ఆవిడ ఏమీ అడగలేదు, ఊరికే నవ్వారు. అది ఇంకా కష్టమనిపించి దిగొచ్చేశారు.

అప్పుడు తట్టింది ఉపాయం.

ఫొటోలన్నీ వరసగా పేర్చి, మామగారి చోటు అట్టడుగున, రెండువందల పన్నెండోదిగా పెట్టారు. అక్కడ 'మామగారు' అని ఫైలు పేరు మాత్రం రాశారు. ఆ పేరుతో ఫైలు లేదు. కాబట్టి అక్కడికి వచ్చినవాళ్లకు బూడిదరంగు గడి, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం కనబడతాయి. నెట్ నెమ్మదిగా ఉందనుకుంటారు. లోకంలో నెట్‌ని నమ్మనివాళ్లు ఉండరు, నెమ్మది విషయంలో. అసలు అంతదాకా ఎవరొస్తారు? నలభయ్యో ఫొటోకే ఆకలేస్తుంది, అరవయ్యో ఫొటోకి ఎవరి ఫోన్లు వాళ్లు తీస్తారు.

ఆ శుక్రవారం లెక్కల టీచరు గది గుమ్మంలో నిలబడి పేజీని కాసేపు చూసింది.

"బాగుంది. ఏదైనా ఒక ఫొటో రాలేదనుకోండి, అప్పుడు?"

బావగారు పేజీ మూసేయబోయారు. కాని విద్య అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి. "చక్రం తిరుగుతుంది. పది సెకన్లకోసారి పేజీయే మళ్లీ అడుగుతుంది, ఆ పేరుతో ఫైలు ఫోల్డర్లోకి వచ్చేదాకా."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

"మధ్యలో ఎప్పుడైనా ఫైలు వచ్చి పడితే?"

"మరుక్షణం బొమ్మ కనబడుతుంది. ఎందుకు?"

"ఊరికే. మీకంటే పేజీకి ఓపిక ఎక్కువ," అని ఆవిడ వెళ్లిపోయింది.

పుట్టినరోజు సాయంత్రం హాలు నిండిపోయింది. మరదలు, పక్కవాటా వాళ్లు, వాళ్లతోబాటు లైన్‌మన్ బాబాయి. ఆయన ముప్పై ఏళ్లు టెలిఫోన్ తీగలు లాగి రిటైరయ్యారు గాని, తీగలు ఆయన్ని ఇంకా వదల్లేదు. అత్తగారు టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని.

మరదలు జరుపుతూ ఉంటే ఫొటోలు ఒక్కొక్కటీ గౌరవంగా వస్తున్నాయి. నలభయ్యోది వచ్చింది. ఎవరికీ ఆకలెయ్యలేదు. అరవయ్యోదాంట్లో పెళ్లి కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోతున్న బావగారు కనబడ్డారు. దాన్ని మాత్రం అందరూ రెండుసార్లు చూశారు.

"బావగారూ, అప్పుడు కూడా వస్తున్నా అన్నారా?" అంది మరదలు.

"అక్కా, తొందరగా తిప్పనా? ఇంకా చాలా ఉన్నాయి," అని నూరోదాని దగ్గర ఆమే అడిగితే, బావగారికి ప్రాణం లేచొచ్చింది.

"వద్దమ్మా," అన్నారు అత్తగారు. "ఒక్కటి కూడా వదలొద్దు. ఆయన చివర్న ఉన్నారట. అల్లుడుగారు చెప్పారు."

రెండువందల పదకొండు అయింది. బూడిదరంగు గడి వచ్చింది. చక్రం తిరగడం మొదలెట్టింది.

"నెట్ నెమ్మదిగా ఉన్నట్టుంది," అన్నారు బావగారు, గొంతు కూడా నెమ్మది చేసి. "ఇది రేపు చూద్దాం. కేకు కోసేద్దామా?"

"ఆయన రానివ్వండి," అన్నారు అత్తగారు.

"ఆలస్యం అవుతుందేమో అత్తయ్యగారూ."

"ఆయన బండి వేళకి ఎప్పుడొచ్చింది గనక? రెండు గంటలు, మూడు గంటలు. ఒకసారి వానలకి పట్టాలు కొట్టుకుపోయి రెండు రోజులు. గుమ్మంలోనే కూర్చునేదాన్ని." ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. "చక్రం తిరుగుతోందిగా. తిరుగుతోందంటే వస్తున్నట్టే."

బావగారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

"సిగ్నలు కిందపడి ఉంది," అని లైన్‌మన్ బాబాయి తీర్పు చెప్పారు. "రౌటరుని ఎత్తులో పెట్టాలి. ఇంట్లో పొడుగు మనిషి ఎవరు?"

అందరూ బావగారికేసి చూశారు. స్టూలు వచ్చింది. వైరు అందినంతమేర లాగి, రౌటరుని ఆయన రెండు చేతుల్లో పెట్టి, స్టూలెక్కించారు.

"ఇంకా పైకి!" అన్నారు బాబాయి.

"నెత్తిమీద పెట్టుకోండి బావగారూ," అంది మరదలు.

"కొంచెం ఎడమకి," అంది లెక్కల టీచరు, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని. "ఊఁ. ఇంకొంచెం. అలాగే ఉండండి, కదలకండి."

బావగారు నెత్తిన మినుకుమినుకుమనే పెట్టె పెట్టుకుని విగ్రహంలా నిలబడ్డారు. దాన్ని చంద్రమండలం దాకా ఎత్తినా లేని ఫొటో రాదని ఆ గదిలో తనకొక్కడికే తెలుసు. చేతులు లాగుతున్నాయి. స్టూలు ఒక కాలు కుంటిది. కేకు మీది క్రీము ఒక పక్కకి వాలుతోంది. పక్కవాటావిడ ఆవలించింది.

అత్తగారు ఆవలించలేదు. గడికేసి అలాగే చూస్తున్నారు. పెదవులు కాస్త విచ్చుకుని ఉన్నాయి, మలుపు దగ్గర ఎవరైనా కనబడితే ముందుగా తానే నవ్వాలన్నట్టు. ఒక్కసారి మాత్రం ఎవరితోనూ కాకుండా అన్నారు. "వెళ్లేటప్పుడు ప్రతిసారీ భయమే. వచ్చాక ఏం భయపడ్డానో గుర్తుండేది కాదు."



"అత్తయ్యగారూ," అన్నారు బావగారు.

"ఊఁ?"

"నెట్ తప్పు కాదు. సిగ్నలూ కాదు. ఆ ఫొటో... నా దగ్గర లేదు. పోగొట్టాను. మూడు వారాలైంది. మీకు చెప్పలేక ఈ చక్రం పెట్టాను. అది ఎంతసేపు తిరిగినా ఏమీ రాదు."

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పి అల్లుడికేసి చూశారు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "పోయిందా," అన్నారు, చాలా మెల్లగా.

గోడ దగ్గర లెక్కల టీచరు కనబడలేదు. బావగారి గదిలో మౌసు రెండుసార్లు టక్ టక్‌మంది.

"అమ్మా," అని లోపల్నించే పిలిచింది. "కళ్లజోడు పెట్టుకో."

చక్రం ఇంకో మూడు చుట్లు తిరిగి ఆగింది. గడి నిండా మామగారు వచ్చేశారు. పచ్చజెండా, టిఫిన్ క్యారియరు, నోరారా నవ్వు. ముందు పన్ను కాస్త విరిగి ఉంది.

"పైకెత్తితే వస్తుందని చెప్పానా!" అని లైన్‌మన్ బాబాయి చప్పట్లు కొట్టారు.

బావగారు స్టూలు మీంచి దిగలేదు, కూలారు. రౌటరుని మరదలు పట్టుకుంది, బావగారిని ఎవరూ పట్టుకోలేదు.

లెక్కల టీచరు గదిలోంచి వచ్చి, అసలు ఫొటోని కవరుతో సహా తల్లి చేతిలో పెట్టింది. అత్తగారు దాన్ని చూశారు, టీవీని చూశారు, మళ్లీ దాన్ని చూశారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తేల్చుకునే తొందర ఆవిడకి లేనట్టుంది.

"ఎక్కడ దొరికింది?" అన్నారు బావగారు నేలమీద కూర్చునే.

"పోయిన గురువారం ప్రశ్నపత్రం స్కాన్ చేద్దామని మీ టీ గ్లాసు తీసి, మూత ఎత్తాను. అద్దం మీద నాన్న బోర్లా పడుకుని ఉన్నారు."

బావగారికి అప్పుడు గుర్తొచ్చింది. మిగతావన్నీ స్కాన్ చేసేసి, చివర్న ఆ ఫొటోని అద్దం మీద పెట్టి మూత వేశారు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి పాలు పొంగుతున్నాయన్న కేక. ఆ రోజు ఎందుకో నిజంగానే లేచి వెళ్లారు.

"చూశావా!" అన్నారు. "జన్మలో ఒక్కసారి పిలవగానే వచ్చాను. దాని ఫలితం ఇది!"

"ఇంకా నయం, అలవాటు చేసుకోలేదు."

"గురువారమే దొరికితే నాకు చెప్పొచ్చుగా?"

"మీరే చెబుతారేమోనని చూశాను. పది సెకన్లకోసారి." ఆవిడ ఆయన చొక్కాకి అంటిన దుమ్ము దులిపింది. "ఇంకొక్క నిమిషం ఆగి, మీరు చెప్పకపోయినా పెట్టేసేదాన్నే, అమ్మ కోసం. ఆ నిమిషంలోపే నోరు విప్పారు. పాసయ్యారు, అత్తెసరు మార్కులతో."

బావగారికి సిగ్గుపడాలని తెలుసు, పడ్డారు కూడా. కాని దానికంటే పెద్దగా, మూడు వారాలుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. తల వంచుకునే అత్తగారి దగ్గరికి వెళ్లి, "క్షమించండి," అన్నారు.

"దొరికారుగా. ఇంక ఏమిటి?" అన్నారావిడ. తర్వాత కాస్త గొంతు పెంచి, "కాని అల్లుడుగారూ, ఈయన్ని అడుగున పెట్టారేం? మిగతావాళ్లు చూసినప్పుడు వస్తే చాలు. ఈయన మాత్రం తలుపు తీసేసరికే ఉండాలి. ఎదురుచూడటం అయిపోయింది నాకు."

బావగారు అక్కడికక్కడే ఫొటోని పేజీ మొదటికి మార్చి, దాని పక్కన రాసిన, దగ్గరికొచ్చేదాకా ఆగమనే ఆ ఒక్క మాటా కొట్టేశారు. మళ్లీ తెరిచారు. ఎవరూ చెయ్యి కదపకముందే మామగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

కేకు కోశారు. ఒక పక్కకి పూర్తిగా వాలిపోయినా బాగానే ఉంది. అత్తగారు కవరుని చేతిసంచీలో పెట్టుకుని, సంచీని ఒళ్లో పెట్టుకున్నారు. "ఇది మాత్రం మళ్లీ మీ చేతికివ్వను బాబూ," అన్నారు నవ్వుతూనే.

వంటింట్లోంచి లెక్కల టీచరు గొంతు వినిపించింది. "ఏమండీ! ఈ ప్లేట్లు..."

"వచ్చేశాను!"

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. బావగారు వంటింటి గుమ్మంలో, చేతులు చాచి నిలబడి ఉన్నారు.

ఆవిడ ముందు వెళ్లి స్టవ్ మీద పాలు చూసొచ్చింది, తర్వాత స్కానరు మూత ఎత్తి చూసింది, అప్పుడు ప్లేట్లు ఇచ్చింది.