భోజన్న కారుకు గ్యాస్ ఎక్కించిన రోజు

బోధన్‌లో ఆ మే నెల ఉదయం భోజన్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిన్ తినడం, కారు ఏసీకి గ్యాస్ ఎక్కించడం, ధర్పల్లిలో మరదలి కొత్తింటి దావత్‌కు భార్యను తీసుకుని దర్జాగా వెళ్లడం. టిఫిన్ వరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

భోజన్న పసుపు రైతు. ట్రాక్టర్‌ను విప్పి మళ్లీ బిగించిన చెయ్యి కాబట్టి, నట్టూ బోల్టూ ఉన్న ప్రతి వస్తువూ తన మాట వింటుందని అతని నమ్మకం. ఇంట్లో మిక్సీ, గోడ గడియారం ఆ నమ్మకానికే బలయ్యాయి. ఇప్పుడు వంతు కారుది. అది పదిహేనేళ్ల నాటి తెల్ల కారు. రెండు ఎండాకాలాలుగా దాని ఏసీ లోంచి మూలుగు వస్తోంది తప్ప చల్లదనం రావడం లేదు. కిందటేడు అందులో ఒక పెళ్లికి వెళ్లి దిగేసరికి అతని భార్య వసంతమ్మ పట్టుచీర వీపుకు అతుక్కుపోయింది, బొట్టు ముక్కు మీదికి జారింది. ఆమె తమ్ముడు ఆత్మారాం అందరి ముందూ, "బావా, నీ కార్ల పల్లీలు ఏంచుకోవచ్చు" అన్నాడు. ఆ మాటకు ఎవరెవరు నవ్వారో వసంతమ్మకు ఇప్పటికీ గుర్తే.

"పదకొండు గొట్టేదాక సూస్త," అంది ఆమె జడ వేసుకుంటూ. "కారు సల్లగైతే సరే. లేకుంటే ఇదే పట్టుచీర మీద బస్సెక్కుత. బస్సుల ఎందుకొచ్చినవక్కా అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు జెప్త."

"గంత పని జెయ్యకు."

"మరి మెకానిక్ కాడికి పోరాదు?"

"మెకానిక్ ఏమన్న ఆకాశంకెళ్లి ఊడిపడ్డడా? గ్యాస్ డబ్బా తెప్పించిన. పైపు తగిలిచ్చుడు, ఒత్తుడు, గంతే. నువ్వు చీర గట్టుకో పో."

గోడ అవతల ఇల్లు బ్రహ్మానందం, చెంచులక్ష్మి దంపతులది. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొని ఇక్కడే ఉండిపోయారు. మూడు తరాలు గడిచినా ఆ ఇంట్లో మాట మాత్రం కోస్తా మాటే. రెండిళ్ల మధ్య కూరగిన్నెలు గోడ మీదుగా వస్తూ పోతూ ఉంటాయి. నిన్న మధ్యాహ్నం భోజన్న చేనుకు వెళ్లినప్పుడు మాత్రం ఓ పెద్ద వస్తువు గేటులోంచి వచ్చింది. నిండు వంటగ్యాస్ సిలిండర్. "మాది ఒడిసిపోయింది వదినా, వంటకు కావాలె" అని వసంతమ్మ అడిగితే చెంచులక్ష్మి మారు మాట్లాడకుండా ఇచ్చింది. ఆ సిలిండర్ వచ్చిన సంగతి గాని, వెళ్లిన సంగతి గాని భోజన్నకు తెలియదు.

అతను కారు బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్లులో పెట్టాడు. డబ్బాకున్న పైపును ఇంజన్ పక్కన లావు గొట్టానికి తగిలించి, నిజామాబాద్‌లో మొబైల్ షాపు నడిపే కొడుకు ప్రేమ్‌కు ఫోన్ చేశాడు. ఇంజన్ మోతలో వినబడాలని గొంతు పెంచాడు.

"పైపు తగిలిచ్చిన! గ్యాస్ కార్లకు వోతున్నది!"

"బాపూ, పైపు మీద గడియారం లెక్క ఒకటున్నది సూడు. దాని ముల్లు ఏ రంగు మీదున్నది?" అన్నాడు ప్రేమ్.

"ఆకుపచ్చ మీద! ఒత్తంగనే గాడికి వోయి కూసున్నది!"

"అంటే గ్యాస్ ముందునుంచే ఫుల్లున్నది బాపూ. ఇంక ఎక్కియ్యకు. పైపు ఊడబీకి, గాలి వొచ్చే ఫిల్టర్ జూడు. సామాన్లు పెట్టే అర ఎనుక ఉంటది."

"ఫుల్లయిందా? మొత్తం ఫుల్లా? అయితే పైపు వీకుతున్న!"

పైపు లాగగానే స్స్స్ మంటూ కాస్త గ్యాస్ బయటికి చిమ్మింది. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న చెంచులక్ష్మికి ప్రేమ్ మాటలు వినబడలేదు. భోజన్న మాటలూ, ఆ స్స్స్ చప్పుడూ మాత్రం చక్కగా వినబడ్డాయి. చేతిలోని తడి దుప్పటి బకెట్‌లో పడేసి లోపలికి పరుగెత్తింది.

"ఏవండీ! నిన్న వంటకని పట్టుకెళ్లిన మన బండలో గ్యాసంతా భోజన్న గారు కారులో పోసేశారండీ! ఫుల్లయిందని కేకలేసి మరీ చెబుతున్నారు! పైగా లీకవుతోంది!"

బ్రహ్మానందం జాగ్రత్త మనిషి. అగరొత్తి వెలిగించినా పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుంటాడు. ముందు ఇంట్లో కరెంటు మెయిన్ ఆపేశాడు. తర్వాత గోడ దగ్గరికి వచ్చి, తల మాత్రం పైకి పెట్టాడు.

"భోజన్న గారూ! మా బండ ఏదండీ?"

భోజన్న అప్పటికే కారు ముందు సీటులో దూరి, డాష్‌బోర్డు కింద తల పెట్టి ఉన్నాడు. "బట్టలుతికే బండనా? మీ నీళ్ల నల్ల కాడనే ఉంటది. గది ఏడికి వోతది?"

"ఆ బండ కాదండీ బాబూ! గ్యాస్ బండ!"

ఇంజన్ మోతలో ఆ చివరి మాట భోజన్నకు 'బండి' అని వినబడింది. "గ్యాస్ బండినా? ఆఁ, అయిపాయె! ఫుల్లున్నది! మీరు గూడ ఎక్కుర్రి, ఓ రౌండేసొద్దాం!"

బ్రహ్మానందం తల గోడ మీద నుంచి మాయమైంది. మరుక్షణం ఆయన వీధిలో ఉన్నాడు. "పొయ్యిలు ఆర్పేయండి! గ్యాస్ లీకు! ఎవరూ అగ్గిపుల్ల గీయకండి!" అంటూ ఇంటింటి గేటూ తట్టాడు. ఓ చేత్తో పోలీసులకు ఫోన్ చేస్తూనే, రెండో చేత్తో వీధి మూల మిర్చి బజ్జీలు వేసే అంజవ్వ పొయ్యి కట్టేశాడు.

"మిర్చీలు సగమే కాలినయ్ బిడ్డా!" అని లబలబలాడింది అంజవ్వ.

వీధంతా బయటికొచ్చి, భోజన్న గేటుకు ఎదురుగా, దూరంగా నిలబడింది. లోపల భోజన్నకు ఇదేమీ తెలియదు. అతనికి ఫిల్టర్ దొరికింది. కాని అది ఫిల్టర్‌లా లేదు, మందంగా కాల్చిన రొట్టెలా ఉంది. రెండేళ్లుగా వెనక సీటు మడిచి, పసుపు బస్తాలు వేసుకుని నిజామాబాద్ మార్కెట్‌కు ఈ కారులోనే తిరిగాడు. రాలిన పసుపంతా అక్కడ చేరి గట్టిపడి కూర్చుంది. ఎంత లాగినా రాలేదు. భోజన్న కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులా గుంజాడు.

ఫ్యాను ఫుల్లులో తిరుగుతోందన్న సంగతి ఫిల్టర్ చేతికి వచ్చాక గుర్తొచ్చింది.

డాష్‌బోర్డులోని ప్రతి రంధ్రం లోంచి పసుపు గుప్పుమని లేచింది. కారు నిండి, తెరిచిన తలుపుల్లోంచి పొర్లి, మబ్బులా గోడ దాటింది. భోజన్న కళ్లు మూసుకుని ఫ్యాను ఆపబోతే దాని మీట ఊడి చేతికి వచ్చింది. ఏసీ బటన్‌ను చరిస్తే అది లోపలికి పోయి మళ్లీ రాలేదు. చివరికి తాళం తిప్పి ఇంజన్ ఆపి, తల నుంచి కాళ్ల దాకా పచ్చగా, ఆ మీట పట్టుకుని గేటు బయటికి వచ్చాడు. వీధి వీధంతా ఒక్కసారిగా వెనక్కి తగ్గింది.

సరిగ్గా అప్పుడే స్కూటీ మీద కానిస్టేబుల్ సుకన్య దిగింది. ఎండకు ఆమె మొహం కందిపోయి ఉంది.

"కార్ల గ్యాస్ పోసిందెవరు?"

జనం తన పనితనం చూడ్డానికే వచ్చారనుకున్నాడు భోజన్న. "నేనే మేడం. ఎక్కువ వోయలే. ముందుగాలనే ఫుల్లున్నది."

"ఒప్పుకున్నారండీ!" అన్నాడు బ్రహ్మానందం, ఓ చెట్టు చాటు నుంచి.

"ఇంట్ల వాడే సిలిండర్ గ్యాస్ కార్ల పోసుడు కేసైతది, ఎరికేనా?" అంది సుకన్య.

భోజన్నకు అప్పుడు అర్థమైంది. పరుగున పోయి ఏసీ గ్యాస్ డబ్బా తెచ్చి చూపించాడు. "ఇగో, నేను వోసింది ఇది. వీళ్ల సిలిండర్ నేను కండ్లతోని గూడ సూడలే. కావాలంటే మా వంటింట్ల జూడుర్రి. ఉన్నది ఒక్కటే సిలిండర్. గది మాదే."

నిర్దోషినని చెప్పుకోవడానికి అంతకంటే చెడ్డ మాట లేదు.

"విన్నారా? ఒక్కటే ఉందట!" అంది చెంచులక్ష్మి. "మా బండ ఖాళీ చేసి ఎక్కడో పారేశారు!"

అందరూ వసంతమ్మ వైపు చూశారు. ఆమె పట్టుచీరలో గుమ్మం దగ్గర నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"గది... ధర్పల్లిల ఉన్నది," అంది మెల్లగా. "చెల్లె ఇంట్ల దావత్ వంటకు ఒకటి తక్కువ వడ్డదంటే, మా ఆత్మారాం వొచ్చి తీస్కపోయిండు."

"ఆత్మారామా?" భోజన్న మొహంలో పసుపు కింద నుంచి ఎరుపు కనబడింది. "నాకెందుకు జెప్పలే?"

"జెప్తే నువ్వు ఇయ్యనిస్తువా?"

వసంతమ్మ వెంటనే తమ్ముడికి వీడియో కాల్ చేసింది. బగారన్నం గిన్నె కింద మండుతున్న పొయ్యి, దాని పక్కన సిలిండర్ తెరమీద స్పష్టంగా కనబడ్డాయి. చెంచులక్ష్మి తలూపింది. వ్యవహారం అక్కడితో ముగియాల్సింది.

"అసలు ఈ కార్ల ఏసీ ఉన్నదా, లేకుంటే ఇదంత కథనా?" అని సుకన్య కారెక్కి తాళం తిప్పింది. ఫిల్టర్ అడ్డు పోయింది కాబట్టి, రెండేళ్లుగా లోపల చిక్కుకున్న చల్లదనమంతా ఒక్కసారి ఆమె మొహాన కొట్టింది. ఆమె కళ్లు మూసుకుంది. తలుపు కూడా మూసుకుంది. బయట జనం ఎండలో నిలబడి ఎదురుచూశారు. చాలాసేపటికి అద్దం వేలెడంత దిగింది.

"వీడియోల గనవడే సిలిండర్ సాక్ష్యం గాదు. ధర్పల్లి వోయి కండ్లార సూడాలె. ఎక్కుర్రి."

బండను గుర్తుపట్టాలి కదా అని బ్రహ్మానందం దంపతులూ ఎక్కారు. అంజవ్వ పరుగున వచ్చి, సగం కాలిన మిర్చీలన్నీ పొట్లం కట్టి బ్రహ్మానందం ఒళ్లో పెట్టింది. "నువ్వే ఆర్పినవ్ గద, నువ్వే తిను."

డ్రైవింగ్ సీటు భోజన్నకు వదిలినా, పక్క సీటు సుకన్య వదల్లేదు కాబట్టి వసంతమ్మ వెనకాల, ఆ దంపతుల పక్కన ఇరుక్కుంది. నిజామాబాద్ వరకు అందరూ భోజన్నను పొగిడారు. "ఊటీలో ఉన్నట్టుందండీ," అంది చెంచులక్ష్మి. భోజన్న ఆ మాట వినబడనట్టు నటించి, మళ్లీ అనిపించుకున్నాడు.

ఆ ఊరు దాటాక పొగడ్తలు తగ్గాయి. బ్రహ్మానందం వేడి కోసం మిర్చి పొట్లాన్ని గుండెకు హత్తుకున్నాడు. అవీ చల్లారిపోయాయి.

"కొంచెం తగ్గిస్తారా భోజన్న గారూ?"

భోజన్న జేబులోంచి ఊడిన మీట తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

అద్దాలు దించితే, లోపల మిగిలిన పసుపంతా సుడి తిరిగి లేచింది. "నా చీర!" అని వసంతమ్మ కేకేయడంతో మళ్లీ ఎక్కించారు. కాసేపు ఇంజన్ ఆపుదామన్నాడు బ్రహ్మానందం. ఈ పాత కారు ఓసారి ఆగితే మళ్లీ నడుస్తుందో లేదో డ్రైవర్‌కే నమ్మకం లేదు. సుకన్య మాత్రం రెండు చేతులూ చంకల్లో దాచుకుని, ధర్పల్లి ఎంత దూరముందని మైలురాళ్లను చూస్తూ కూర్చుంది.

దావత్ ఇంటి ముందు ఆత్మారాం నవ్వు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. కారు తలుపులు తెరుచుకున్నాయి. ఐదుగురు దిగారు. అందరి ఒంటి మీదా పసుపు, అందరి పెదవులూ నీలం. ఆత్మారాం నవ్వు సగంలో ఆగిపోయింది.

"అక్కా, ఏమైందే? బావ కార్ల ఏసీ వని జేస్తలేదా?"

వసంతమ్మ ఏదో చెప్పబోయింది. పళ్లు టకటకలాడి మాట బయటికి రానివ్వలేదు. వెనకాల భోజన్న వణుకుతూనే మీసం దువ్వుకున్నాడు.

సుకన్య తిన్నగా పెరట్లోకి వెళ్లి, సిలిండర్‌ను తనిఖీ చేసింది. మండుతున్న పొయ్యికి రెండు చేతులూ చాపి చాలా నిదానంగా తనిఖీ చేసింది. బ్రహ్మానందం, చెంచులక్ష్మి చెరోవైపు నిలబడి, ఇది తమ బండే అని ఒకటికి పదిసార్లు ధ్రువీకరించుకున్నారు.

పెద్దక్క వచ్చిందని ఆత్మారాం హడావుడిగా కుర్చీ తెచ్చి, షామియానా కింద పెద్ద కూలర్‌కు ఎదురుగా వేశాడు. వసంతమ్మ ఆ కుర్చీ ఎత్తుకెళ్లి ఎండలో వేసుకుంది.