పేరయ్య మేనమామ పోయిన ఆదివారం

ఒక పెద్ద అడవిలో, గుహకి గుహ ఆనించి, కొమ్మ మీద కొమ్మ అద్దెకిచ్చి కట్టుకున్న పేట ఒకటి ఉండేది. అక్కడ ఒకరు తుమ్మితే నాలుగిళ్ల అవతలివాళ్లు చిరంజీవ అనేవారు. అంత దగ్గరదగ్గరగా, అంత ఆప్యాయంగా బతికేవారు.

ఎలుగుబంటి పేరయ్య కాపురం ఆ పేట నడిబొడ్డున. సింహంగారి తేనె గిడ్డంగిలో కాపలా ఉద్యోగం. వారమంతా రాత్రింబవళ్లు కాపలా, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజు కంటినిండా నిద్రపోవాలని తప్ప పాపం అతనికి వేరే కోరికలు లేవు.

ఆ ఒక్కటే తీరేది కాదు. ఆదివారం తెల్లారేసరికి పక్క చెట్టు మీద వడ్రంగిపిట్ట టకటకా మొదలుపెట్టేది. మిగతా రోజులు ఊళ్లోవాళ్ల పని, సొంత ఇంటి పని ఆదివారమే. తర్వాత చిలక దిగేది. "పాత కొమ్ములు, పాత గోళ్లు, విరిగిన కోరలు కొంటాం" అని ఒకటే పాఠం వీధివీధీ వల్లిస్తూ తిరిగేది. మధ్యాహ్నం కోతుల క్రికెట్టు, సాయంత్రం కప్పల భజన. సంగీతం రానివాళ్లకి మైకు దొరికితే ఏమవుతుందో ఆ భజన విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కిందటివారం పేరయ్య కాపలా కాస్తూ కునుకు తీశాడు. ఎవరో తేనెపట్టు ఎత్తుకుపోయారు. గిడ్డంగి మేనేజరు చిరుత పిలిపించి, కేకలేమీ వెయ్యకుండానే చెప్పాడు.

"ఇంకోసారి డ్యూటీలో పడుకున్నావంటే ఇక ఇంట్లోనే పడుకోవచ్చు పేరయ్యా. రోజూ."

పేరయ్య లెక్క వేసుకున్నాడు. ఈ ఆదివారం నిద్ర లేకపోతే సోమవారం కన్ను మూతపడడం ఖాయం. పరుగున పేట సంక్షేమ సంఘం కార్యదర్శి ముంగిస దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు.

"గోల గురించా? చాలా మంచి విషయం లేవదీశారు" అన్నాడు ముంగిస. "ఆదివారం పొద్దున్నే సభ పెడదాం. పెద్ద మైకు పెట్టి, ఎవరూ గోల చెయ్యొద్దని పేటంతా వినపడేలా చెబుదాం."

పేరయ్య దండం పెట్టి వచ్చేశాడు.

శనివారం సాయంత్రం భార్య సూరమ్మ దుంపలు తరుగుతూ అంది. "మొన్న ముసలి దుప్పి పోయిన రోజు పేట ఎంత బాగుందండీ. ఆ చిలక కూడా నోరు మూసుకుంది."

పేరయ్య లేచి కూర్చున్నాడు. "సూరమ్మా, మా మేనమామ పోయాడని చెప్పు."

"మీకు మేనమామ లేడు కదండీ."

"అందుకే. లేనివాడు పోతే ఎవరికీ నష్టం లేదు."

"అశుభం మాటలు మాట్లాడకండి."

"నిద్ర చాలక ఉద్యోగం పోతే అది శుభమా?"

సూరమ్మ దుంపలు పక్కన పెట్టి లేచింది. పక్కింటి వడ్రంగిపిట్ట పెళ్లాం చెవిన ఒక మాట వేసి వచ్చింది. మిగతా పేటకి చెప్పే పని ఆవిడే చూసుకుంది.

ఆదివారం తెల్లారింది. టకటక లేదు. చావు కబురు విని ముంగిస కూడా గోల మీద సభ వాయిదా వేశాడు. చిలక వీధి మొదట్లోకి వచ్చి, సంగతి తెలుసుకుని, తల వంచుకుని వెనక్కి పోయింది. పేరయ్య ఆకుల పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎండుటాకు రాలిన చప్పుడు వినిపించి ఎన్నాళ్లయిందో. సంతోషంతో అతనికి కళ్లు చెమర్చాయి. లేని మేనమామకి మనసులోనే నమస్కారం పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఓ పేరయ్యా, ఎంత పని జరిగిందయ్యా నాయనా."

దుమ్ములగొండి గవరమ్మ. పేటలో ఏ చావింటికైనా ముందు చేరేది ఆవిడే. వస్తూనే పేరయ్యని కావలించుకుని రాగం ఎత్తుకుంది. వెనకాలే పేటంతా కదిలివచ్చింది. ఒకరు జావ తెచ్చారు, ఒకరు పళ్లు తెచ్చారు, అందరూ ప్రశ్నలు తెచ్చారు.

"ఎలా పోయాడు బాబూ?"

"నిద్రలో" అన్నాడు పేరయ్య. ఆ మాట అంటుంటే మేనమామ మీద నిజంగానే అసూయ కలిగింది.

"పుణ్యాత్ముడు. అందరికీ దొరుకుతుందా ఆ చావు."

వచ్చినవాళ్లందరికీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చెప్పినకొద్దీ మేనమామ వయసూ పెరిగింది, దానధర్మాలూ పెరిగాయి. మధ్యాహ్నానికి ఆయన లేని లోటు పేరయ్యకి తప్ప అందరికీ తెలిసివచ్చింది.

అప్పుడు ముంగిస వచ్చాడు. "అంతటి మహానుభావుడికి సంతాపసభ పెట్టకపోతే సంఘం ఉండి ఎందుకు? అన్నీ మేం చూసుకుంటాం. మీరు దుఃఖంలో ఉండండి చాలు."

వడ్రంగిపిట్ట పందిరి రాటలకు చిల్లులు కొట్టింది. కోతులు మైకు కట్టాయి. పేట మొదట్లో పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద దండ, దండ మధ్య పేరయ్య బొమ్మ, కింద అశ్రునివాళి.

"అది నా బొమ్మండీ" అన్నాడు పేరయ్య నీరసంగా.

"మేనమామగారిది దొరకలేదు. మేనల్లుడికి మేనమామ పోలికే కదా వస్తుంది" అన్నాడు ముంగిస. "ఎవరు పట్టించుకుంటారు లెండి."

సంఘం అధ్యక్షుడు అడవిదున్న మైకు అందుకుని, పోయినాయనతో తన చిన్ననాటి స్నేహం గురించి పొద్దువాలేదాకా చెప్పాడు. పేరయ్య నోరు తెరుచుకుని విన్నాడు. కప్పలు ప్రత్యేక భజన చేశాయి. చివరికి ముంగిస లేచి, ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు.

పేట మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. పేరయ్య నిలబడ్డచోటే నిద్రలోకి జారిపోయి, దబ్బున కింద పడ్డాడు.

"మామ వెంటే మేనల్లుడూ పోయాడర్రా" అని గవరమ్మ మైకులో గొల్లుమంది. అందరూ తలో కుండ నీళ్లు తెచ్చి ముఖాన కుమ్మరించారు. ఆ రాత్రంతా వంతులవారీగా కూర్చుని, అతను ఒంటరివాడు కాడని ధైర్యం చెప్పారు.

సోమవారం పొద్దున్నే పేరయ్య కళ్లు మిరపకాయల్లా చేసుకుని గిడ్డంగికి వెళ్లాడు. ఏమైనా సరే నిద్రపోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తీరా చూస్తే అతని చోట అడవిపంది నిలబడి ఉంది.

చిరుత అతన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు పోయావటగా. నిన్న దారిలో ఫ్లెక్సీ చూశాం. చాలా బాధపడ్డాం పేరయ్యా. అందరం రెండు నిమిషాలు మౌనం పాటించి, నీ చోటు ఇతనికిచ్చాం."

"అది మా మేనమామండీ."

"అలాగా. ఏ అడవి ఆయనది? ఆయన పేరేమిటి?"

పేరయ్య తల గోక్కున్నాడు. ఉండేవాడంటే పేరూ అడవీ చెప్పాలి, వాకబు చేస్తే దొరికిపోతాడు. అసలు లేడంటే అబద్ధాలకోరుకి గిడ్డంగి కాపలా ఎవరిస్తారు?

"సరే, నువ్వు బతికే ఉన్నావని మీ సంఘం చేత చెప్పించు. అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు చిరుత.

పేరయ్య వెళ్లి అడిగితే ముంగిస సంతోషంగా ఒప్పుకున్నాడు. "దానికేం భాగ్యం. వచ్చే ఆదివారం సభ పెట్టి మైకులో ప్రకటిద్దాం. డప్పులతో మిమ్మల్ని పేటంతా ఊరేగిస్తే ఇక ఎవరికీ అనుమానం ఉండదు."

పేరయ్య ఇంటికొచ్చి పడుకున్నాడు. సోమవారం కదా, పేటలో అందరూ పనులకి పోయారు. ఎక్కడా చప్పుడు లేదు. వంటింట్లో సూరమ్మ ముక్కు చీదడం ఒక్కటే వినిపిస్తోంది. పేరయ్య కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, పక్కకి తిరిగాడు. రేపటినుంచి తినడానికేముందని ఆలోచిస్తూ సాయంత్రందాకా అలాగే మేలుకుని ఉన్నాడు.

నీతి: గోల చేసే ఇరుగుపొరుగుని ఎలాగైనా భరించవచ్చు, మన కోసం మౌనం పాటించేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.